రేవు నుంచి శివారుకు: భీమునిపట్నం చారిత్రక పరిణామం, దర్శనీయ స్థలాలు

అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహల మీదుగా, తాటిపూడి జలాశయం మీదుగా ప్రవహించే గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట భీమునిపట్నం వెలసింది. వాడుకలో అది భీమిలి. విశాఖపట్నం నుంచి రుషికొండ మీదుగా సాగే తీర రహదారి చివర ఉన్న ఈ ఊరిని నేటి పర్యాటక సాహిత్యం మహానగరపు సముద్రతీర శివారుగా పరిచయం చేస్తున్నది. పరిపాలన దృష్ట్యా ఆ మాట సరైనదే. అయితే భీమిలిలో సందర్శకులు చూసే సమాధులు, దీపస్తంభం, పాత గిడ్డంగులు ఒక శివారు నిర్మించుకున్నవి కావు. విశాఖతో సమానంగా, కొన్ని సరకుల విషయంలో అంతకు మిన్నగా, ఓడలకు సరకు ఎత్తిన రేవు మిగిల్చినవి. ఆ రేవు ఎలా ఏర్పడింది, ఎందుకు ఆగిపోయింది అన్న ప్రశ్నలతో ముడిపెట్టి చూసినప్పుడే ఈ దర్శనీయ స్థలాలు అర్థవంతమవుతాయి.

ఊరి పేరును స్థలపురాణం పాండవులలో భీమునితో, బకాసుర వధతో ముడిపెడుతుంది. భీమేశ్వరాలయం వల్ల ఈ పేరు వచ్చిందన్న అభిప్రాయమూ ఉంది. పేరు కన్నా ప్రాచీనమైన ఆధారాలు కొండలపై ఉన్నాయి. ఊరిని ఆనుకొని ఉన్న పావురాలకొండ, తీర రహదారి పక్కనున్న తొట్లకొండ, బావికొండ ఇంచుమించు క్రీ.పూ. 3వ శతాబ్దం నుంచి బౌద్ధ భిక్షువులకు ఆవాసాలు. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల తొట్లకొండకు, బావుల వల్ల బావికొండకు ఆ పేర్లు వచ్చాయి. తొట్లకొండ తవ్వకాలలో శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు లభించడం గమనార్హం. సముద్రానికి ఎదురుగా, ఉప్పునీటికి అందనంత ఎత్తులో, వాననీటిని నిల్వ చేసుకొని బతికిన ఆ విహారాలు తీర వాణిజ్యంతో సంబంధం లేకుండా మనలేదని ఈ నాణేలు సూచిస్తున్నాయి.

ఒలందుల స్థావరం

17వ శతాబ్దారంభంలో మచిలీపట్నం చేరిన డచ్చి వారిని తెలుగువారు ఒలందులు, వలందులు అన్నారు. మచిలీపట్నంలోని వలందపాలెం ఆ పిలుపును నేటికీ నిలుపుకొన్నది. డచ్చి ఈస్టిండియా కంపెనీ 1652లో భీమునిపట్నంలో వర్తక స్థావరాన్ని ఏర్పరచింది. పులికాట్, నాగపట్నం కేంద్రాలుగా నడిచిన కోరమాండల్ వ్యాపారంలో మచిలీపట్నం, జగన్నాథపురం, పాలకొల్లు, భీమునిపట్నం గొలుసుకట్టు స్థావరాలు. ఆగ్నేయాసియా దీవులలో లవంగాలు, జాజికాయ, మిరియాలు కొనడానికి కంపెనీకి ఐరోపా సరకు పెద్దగా పనికిరాలేదు. అక్కడి ప్రజలు కోరినది కోరమాండల్ నూలు బట్ట. ఉత్తరాంధ్ర సాలెల మగ్గాలకు, మలుకు దీవుల లవంగ తోటలకు మధ్య భీమిలి ఒక లంకెగా పనిచేసింది.

ఇక్కడ ఓడ ఒడ్డును తాకే వీలు లేదు. రేవు అన్నది తెరిచిన సముద్రమే. ఓడలు దూరంగా లంగరు వేసేవి. అలల మీదుగా సరకును చేర్చినవి మసూలా పడవలు. మేకులు లేకుండా పలకలను కొబ్బరి తాళ్లతో కుట్టి చేసిన ఆ పడవలు అల తాకిడికి పగలక వంగేవి. కంపెనీల చరిత్రలో ఈ పడవలు నడిపిన గంగపుత్రుల పాత్రకు తగిన చోటు దక్కలేదు.

ఐరోపా యుద్ధాలు ఈ చిన్న ఊరిని పలుమార్లు చేతులు మార్చాయి. 1781లో ఆంగ్లేయులు ఆక్రమించారు, సంధి తర్వాత తిరిగి ఇచ్చారు. 1795లో మళ్లీ తీసుకొని, 1818లో మళ్లీ అప్పగించారు. 1824 నాటి ఆంగ్ల-డచ్చి ఒప్పందంలో డచ్చి వారు భారతదేశంలోని స్థావరాలన్నింటినీ వదులుకోగా, ఆంగ్లేయులు సుమత్రాలోని బెంకూలెన్‌ను వదులుకున్నారు. ఆ ప్రకారం 1825లో భీమిలి ఈస్టిండియా కంపెనీ వశమైంది. డచ్చి శ్మశానంలోని సూచ్యగ్ర శిఖరాల సమాధులు ఈ 173 ఏళ్లకు మిగిలిన ప్రత్యక్ష సాక్ష్యం. వాటి శాసనాలు డచ్చి భాషలో ఉన్నాయి. ఉప్పుగాలికి అక్షరాలు అరిగిపోతున్నాయి. కంపెనీ దస్తావేజులు హేగ్ నగరంలోని జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. తెలుగు తీర చరిత్రపై పనిచేసేవారిలో డచ్చి చదవగలవారు అరుదు కనుక, రాతి మీది ఆధారమూ కాగితం మీది ఆధారమూ రెండూ తెలుగు పరిశోధనకు దాదాపు బయటే ఉండిపోయాయి.

గోగునార కాలం

డచ్చి వారు వెళ్లిన తర్వాతనే భీమిలి వ్యాపారం అసలైన ఉచ్చదశకు చేరింది. 19వ శతాబ్దంలో విజయనగరం, బొబ్బిలి ప్రాంతాల నువ్వులు, నీలిమందు, తోళ్లను పదును చేయడానికి వాడే కరక్కాయలు ఈ రేవు నుంచే ఎగుమతి అయ్యాయి. వాటన్నింటిలో ఊరి పేరును అంతర్జాతీయ విపణికి ఎక్కించినది మాత్రం గోగునార. దానిని వర్తకులు 'బిమ్లిపటం జూట్' అన్నారు.

ఈ పేరులో రెండు పొరపాట్లున్నాయి. బెంగాల్ జూట్ కార్కోరస్ ప్రజాతికి చెందినది. భీమిలి నార ఇచ్చే గోగు హైబిస్కస్ ప్రజాతికి చెందిన హైబిస్కస్ కెనాబినస్. తెలుగులో జూట్‌కు వాడుతున్న 'జనపనార' అన్న మాట మరో మొక్కయిన జనుముది. ఇలా మూడు వేర్వేరు మొక్కల పేర్లు ఒకే గోనెసంచిలో కలిసిపోయాయి. గోగుకూరయే గోంగూర అయిందన్న వ్యుత్పత్తిని గుర్తు చేసుకుంటే, తెలుగువారి కంచంలోని ఆకుకూరకూ లండన్ వర్తకుల ధరల పట్టికకూ ఉన్న బంధుత్వం తెలుస్తుంది. గోస్తనీ ఒడ్డున చిట్టివలసలో జనపనార మిల్లు వెలసింది ఈ పంట ఆధారంగానే. 2009లో అది మూతపడింది.

క్షీణతకు కారణాలను ఊరి లోపల వెతకడం వృథా. 1890లలో పూర్తయిన తూర్పుతీర రైలుమార్గం విశాఖపట్నం నుంచి విజయనగరానికి లోతట్టుగా సాగి భీమిలిని పక్కన పెట్టింది. ఎడ్లబండ్ల కాలంలో రేవుకు నడిచిన సరకు రైలు ఎక్కింది. 1933లో విశాఖ నౌకాశ్రయం ప్రారంభమైన తర్వాత, ఓడలు ఒడ్డుకే వచ్చే రేవు చేరువలో ఉండగా తెరిచిన సముద్రంలో పడవల మీద సరకు ఎక్కించే అవసరం క్రమంగా తగ్గిపోయింది. ఊరు శివారుగా మారడం అప్పుడే మొదలైంది. 2013లో పురపాలక సంఘాన్ని మహా విశాఖ నగరపాలక సంస్థలో విలీనం చేసిన ఉత్తర్వు దానికి కాగితపు రూపమిచ్చింది.

1861లో ఏర్పడిన ఈ సంఘం దేశంలోనే రెండవ ప్రాచీన పురపాలక సంఘమన్న మాట తరచు వినబడుతుంది. మద్రాసు నగరపాలక సంస్థ 1688 నాటిది, కలకత్తా, బొంబాయిలకు 1726 నాటి సనదులున్నాయి. కనుక ఏ చట్టాన్ని ప్రమాణంగా తీసుకున్నారో చెప్పకుండా ఈ వాదనను పరిశోధన వ్యాసాలలో పునరుక్తం చేయడం తగదు. పెద్ద నగరాలు కాని తీరపట్టణాలలో అది తొలితరం సంఘమనడం చాలు.

ఎర్రమట్టి దిబ్బలు

భీమిలికి దక్షిణాన, తీర రహదారి పక్కన ఉన్న ఎర్రమట్టి దిబ్బలు మనుషుల చరిత్ర కన్నా ప్రాచీనమైనవి. చివరి మంచుయుగంలో సముద్రమట్టం నేటికన్నా వంద మీటర్లకు పైగా పడిపోయినప్పుడు బయటపడిన ఇసుకను గాలులు, నదీ ప్రవాహాలు ఇక్కడ పోగు చేశాయని భూవిజ్ఞానుల వివరణ. రేణువులపై పట్టిన ఇనుప ఆక్సైడు పూత వల్ల ఎరుపు వచ్చింది. గట్టిపడని ఇసుకను వానలు కోయడంతో చెట్టు కొమ్మల వలె చీలిన లోతైన గెడ్డలు ఏర్పడ్డాయి. ఇటువంటి తీరప్రాంత ఎర్ర ఇసుక నిక్షేపాలు దక్షిణాసియాలో తమిళనాడు, శ్రీలంకలలో తప్ప పెద్దగా లేవు. సినిమా చిత్రీకరణలకు ప్రసిద్ధమైన ఈ చోటును భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ భూవారసత్వ స్థలంగా గుర్తించింది.

సమాధి శిథిలమైతే మరమ్మతు చేయవచ్చు. దిబ్బను ఒకసారి చదును చేస్తే తిరిగి నిలబెట్టే మార్గం లేదు. 2024లో దిబ్బల పరిసరాలలో యంత్రాలతో నేల చదును చేయడం వివాదాస్పదమైనది ఈ కారణం వల్లనే. 2025 సెప్టెంబరులో ఎర్రమట్టి దిబ్బలు, తిరుమల కొండలతో పాటు, యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. ఆ జాబితాలో ఉన్నంత మాత్రాన చట్టపరమైన రక్షణ లభించదు. కనీసం ఒక ఏడాది అందులో ఉన్న తర్వాతే ప్రపంచ వారసత్వ హోదాకు ప్రతిపాదన పంపవచ్చు. ఆ ప్రతిపాదనలో స్థలపు సరిహద్దును, దాని చుట్టూ రక్షణ వలయాన్ని పటంపై కచ్చితంగా గీసి చూపాలి. విశాఖ నుంచి భీమిలి వైపు ఇళ్ల స్థలాలు పాకుతున్న దారిలోనే ఆ గీత పడవలసి ఉంది.