సీటొక్కటే.. వేళ్లు వెయ్యి!

ఫోన్‌ మీద ఒక్క నొక్కు.. కొత్త సినిమా టికెట్‌ చేతికొచ్చేస్తుంది. పండగ సేల్‌లో మిక్సీ ఇంటికొచ్చేస్తుంది. ఆ నొక్కుకీ ఆ టికెట్‌కీ మధ్య మనకు కనిపించకుండా పనిచేసేది డేటాబేస్‌. లక్షలమంది ఒకేసారి మీదపడ్డా అది తడబడకూడదు, తప్పు చెప్పకూడదు, నిద్రపోకూడదు. అదెలా సాధ్యం?

పెద్ద హీరో సినిమా. విడుదలకు ఇంకా రెండు రోజులే. జూబ్లీహిల్స్‌ చెక్‌పోస్ట్‌ నుంచి ఫిల్మ్‌నగర్‌ దాకా ఏ ఆఫీసులో చూసినా ఒకటే ప్రశ్న.. 'బుకింగ్స్‌ ఎప్పుడు ఓపెన్‌ చేస్తున్నారు?' రేట్లు పెంచుకోవాలంటే ప్రభుత్వం నుంచి జీవో రావాలి. డిస్ట్రిబ్యూటరు సరేననాలి. థియేటర్లు షోలు ఖరారు చేయాలి. అన్నీ కుదిరేసరికి ఒక్కోసారి అర్ధరాత్రి దాటుతుంది. అయినా అభిమానులు నిద్రపోరు. షోలు కనిపించిన మరుక్షణం వేల వేళ్లు ఒకేసారి ఫోన్లను నొక్కుతాయి.

ఒకప్పుడు ఈ సందడంతా ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో కనిపించేది. తెల్లవారకముందే క్యూ కట్టడం, చొక్కాలు చిరిగేలా తోసుకోవడం, చివరికి 'హౌస్‌ఫుల్‌' బోర్డు చూసి ఉసూరుమనడం.. చాలా ఇళ్లలో నాన్నలకు అదో తీపి జ్ఞాపకం. అయితే ఆ కౌంటర్లో ఒక భరోసా ఉండేది. టికెట్ల పుస్తకం ఒక్కటే. చించి ఇచ్చారంటే అమ్ముడైనట్టే. అదే కాగితాన్ని మరొకరికి అమ్మడం కుదరదు.

ఇప్పుడా పుస్తకం ఎక్కడో డేటా సెంటర్లోని కంప్యూటర్లలో ఉంది. ఏ థియేటర్లో ఏ షోకి ఏ సీటు ఖాళీ, ఏది ఎవరిది, డబ్బు ముట్టిందా లేదా.. అన్నీ రాసిపెట్టుకునే ఆ చిట్టాయే డేటాబేస్‌. చీరలమ్మే సైటుకైనా, సెల్‌ఫోన్లమ్మే సైటుకైనా, సినిమా టికెట్లమ్మే యాప్‌కైనా గుండెకాయ అదే. 2017 ఏప్రిల్‌ 28న 'బాహుబలి 2' వచ్చింది. అడ్వాన్స్‌ బుకింగ్‌ మొదలైన 24 గంటల్లోనే పది లక్షలకుపైగా టికెట్లు అమ్మామని బుక్‌మైషో ప్రకటించింది. అంటే సగటున సెకనుకు పదకొండుకు పైనే! అదీ సగటు మాత్రమే. జనం గడియారం చూసుకుని సమానంగా రారుగా. బుకింగ్‌ తెరిచిన మొదటి నిమిషాల్లో ఉండే ఒత్తిడి దీనికి ఎన్నో రెట్లు.

ముందొచ్చిన వారికే తాళం

ఎఫ్‌-12 సీటునే తీసుకోండి. కూకట్‌పల్లిలో ఒకాయన, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకమ్మాయి ఒకే సెకనులో దాన్ని నొక్కారు. ఇద్దరి ఫోన్లలోనూ అది ఖాళీగానే కనిపిస్తోంది. ఎవరికివ్వాలి? డేటాబేస్‌ ముందుగా చేరిన అభ్యర్థనను తీసుకుని ఆ సీటు గడికి తాళం వేస్తుంది. రెండోవాళ్లకు 'ఈ సీటు లేదు' అని చెప్పేస్తుంది. వాళ్ల మధ్య తేడా సెకనులో వెయ్యోవంతే అయినా సరే.. తీర్పు అదే.

ఇక్కడే ఒక చిక్కుంది. డబ్బు కట్టడానికి మనం రెండు మూడు నిమిషాలు తీసుకుంటాం. ఓటీపీ వెతుక్కుంటాం, పిన్ను మర్చిపోతాం. అంతసేపూ డేటాబేస్‌ ఆ తాళాన్ని పట్టుకుని కూర్చుంటే వెనక వరస మొత్తం ఆగిపోతుంది. అందుకే అది 'ఈ సీటు ఫలానా సమయందాకా వీరికి' అని రాసేసి వెంటనే తర్వాతివాళ్ల పని చూస్తుంది. గడువులోగా డబ్బు వస్తే సీటు ఖాయం. రాకపోతే మళ్లీ ఖాళీల్లోకి. కాసేపటిక్రితం నిండిపోయిన సీటు ఉన్నట్టుండి మళ్లీ కనిపించడం వెనక కథ ఇదే!

నిజానికి ఈ విద్య మనకు కొత్తేం కాదు. దేశంలో ఏ ఊరి నుంచి ఏ ఊరికైనా బెర్తు ఇచ్చేలా రైల్వే తయారుచేయించిన 'కాన్సర్ట్‌' రిజర్వేషన్‌ వ్యవస్థను మొదట పెట్టింది సికింద్రాబాద్‌లోనే. అది 1994 సెప్టెంబరు. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్‌ కేంద్రాలు ఒకదానితో ఒకటి ముడిపడ్డాయి. ఏ కౌంటర్లో అడిగినా ఒక బెర్తుకు ఒకే యజమాని.. అప్పుడూ సూత్రం అదే.

తాళం గట్టిదే, కానీ తలుపే వేరేదైతే? 2024 జూన్‌లో అదీ జరిగింది. ప్రభాస్‌ 'కల్కి 2898 ఏడీ'కి హైదరాబాద్‌లో బుకింగ్స్‌ తెరిచినప్పుడు కొన్నిచోట్ల 2019లో వచ్చిన రాజశేఖర్‌ 'కల్కి' దర్శనమిచ్చింది. హడావుడిలో అభిమానులు ఆ షోలనూ నింపేశారు. ఆ టికెట్లు కొత్త సినిమాకే చెల్లుతాయని బుక్‌మైషో వివరణ ఇవ్వాల్సి వచ్చింది. తనకేం సంబంధం లేదంటూ రాజశేఖర్‌ కూడా సరదాగా స్పందించారు. డేటాబేస్‌ వేగంగా ఉంటే చాలదు, అందులో రాసింది సరైనదై ఉండాలన్నమాట.

చక్రం తిరిగిన రాత్రి

2022 డిసెంబరు 29. అల్లు అరవింద్‌ సారథ్యంలో మొదలైన తెలుగు ఓటీటీ 'ఆహా'లో బాలకృష్ణ 'అన్‌స్టాపబుల్‌' షో. ఆ రాత్రి అతిథి ప్రభాస్‌. అభిమానులు ఒక్కసారిగా పోటెత్తడంతో యాప్‌ మొరాయించింది. షో పేరేమో 'ఆపలేనిది', ఆగింది మాత్రం యాప్‌! ఆ సంస్థే ఆ సంగతి ప్రకటించి, సరిచేస్తున్నామని చెప్పింది.

ఇలాంటిది ఫిల్మ్‌నగర్‌కే పరిమితం కాదు. 2014 అక్టోబరు 6న ఫ్లిప్‌కార్ట్‌ తొలి 'బిగ్‌ బిలియన్‌ డే' గుర్తుందా? సైటు నెమ్మదించింది. సరుకు క్షణాల్లో అయిపోయింది. కొన్ని ఆర్డర్లు రద్దయ్యాయి. మర్నాడు వ్యవస్థాపకులు సచిన్‌ బన్సల్‌, బిన్నీ బన్సల్‌ కొనుగోలుదారులకు క్షమాపణ చెబుతూ లేఖ రాశారు. తాము సిద్ధమైన దానికంటే జనం చాలా ఎక్కువగా వచ్చారని ఒప్పుకున్నారు.

రద్దీ పెరిగినప్పుడు లోపల ఏం జరుగుతుంది? డేటాబేస్‌ ఒకేసారి మాట్లాడగలిగేది కొందరితోనే. ఒక ప్రశ్నకు జవాబు ఆలస్యమైతే వెనకున్నవన్నీ ఆగుతాయి. మన తెర మీద చక్రం తిరుగుతూ ఉంటుంది. అప్పుడు మనమేం చేస్తాం? మళ్లీ నొక్కుతాం. అన్నయ్య ఫోన్లోనూ తెరుస్తాం. లక్షమంది మూడేసిసార్లు నొక్కితే మూడు లక్షల అభ్యర్థనలు! ఉన్న బరువుకే కుంగుతున్నవాడి నెత్తిన ఇంకో రెండు మూటలు పెట్టినట్టు. అందుకే ఇప్పుడు చాలా సైట్లు ముందే మనల్ని క్యూలో నిలబెడుతున్నాయి. 'మీ వంతు వచ్చేదాకా ఆగండి' అనడం మర్యాదలేకపోవడం కాదు, లోపలున్నవారికి టికెట్‌ దక్కాలంటే తప్పని ఏర్పాటు. అవసరమైతే 'మీకు నచ్చే సినిమాలు' లాంటి హంగులన్నీ కాసేపు ఆపేస్తారు. దీపాలంకరణ ఆగినా ఫర్వాలేదు, కౌంటర్‌ ఆగకూడదు.

నెగెటివ్‌ ఒకటి.. ప్రింట్లు వంద

మరి వేగం ఎలా వస్తుంది? సినిమావాళ్ల భాషలోనే చెప్పుకుందాం.

రీళ్ల కాలంలో అసలు నెగెటివ్‌ ల్యాబ్‌లో భద్రంగా ఉండేది. థియేటర్లకు వెళ్లేవి ప్రింట్లు. డేటాబేస్‌లోనూ అంతే. రాయడానికి ఒక అసలు ప్రతి, చదవడానికి దాని నకళ్లు అనేకం. చూసిపోయేవాళ్లే ఎక్కువ, కొనేవాళ్లు తక్కువ కాబట్టి చూసేవాళ్లను నకళ్ల దగ్గరికి పంపేస్తారు. కాకపోతే ఒక లోపం. నకలు ఒక క్షణం వెనకబడొచ్చు. ఖాళీగా కనిపించిన సీటు నొక్కగానే 'లేదు' అనడానికి అదీ ఒక కారణమే.

సినిమాను నైజాం, సీడెడ్‌, ఆంధ్ర అని ఏరియాలవారీగా అమ్ముతారు కదా. పెద్ద డేటాబేస్‌నూ అలాగే ముక్కలు చేస్తారు. ఒక్కో ముక్క ఒక్కో కంప్యూటర్‌కు. విశాఖ రద్దీ వరంగల్‌వాళ్లకు అడ్డురాదు.

ఇక సూచిక. ఓటర్ల జాబితాలో అక్షరక్రమం లేకపోతే మీ పేరు కోసం మొదటి పేజీ నుంచి వెతకాల్సిందే. లక్షల వరసలున్న డేటాబేస్‌లో సరైన సూచిక లేకపోతే యంత్రానిదీ అదే పాట్లు. నిమిషం పట్టే ప్రశ్న ఒక్క సూచిక చేర్చగానే రెప్పపాటులో తేలిపోయిన సందర్భాలు డేటాబేస్‌ నిర్వాహకులకు మామూలే. అలాగని ప్రతిదానికీ సూచిక పెట్టినా కష్టమే. కొత్త టికెట్‌ రాసినప్పుడల్లా అన్నిటినీ దిద్దాలి మరి. పోస్టరు, నటీనటుల పేర్లు, థియేటర్‌ చిరునామా లాంటి మారని సంగతుల కోసమైతే డేటాబేస్‌ దాకా వెళ్లనే అక్కర్లేదు. నోటీసు బోర్డులా ముందే బయట పెట్టేస్తారు.

బుట్టకో న్యాయం.. సీటుకో న్యాయం

2004 చివర్లో పండగ రద్దీలో అమెజాన్‌కు ఎదురైన అంతరాయాలు ఆ సంస్థను ఆలోచనలో పడేశాయి. కొనితెచ్చుకున్న డేటాబేస్‌లను వాటి శక్తికి మించి వాడుతున్నామని ఇంజినీర్లకు అర్థమైంది. లెక్క తీస్తే దాదాపు 70 శాతం పనులు ఒక గుర్తు చెప్పి దానికి సంబంధించిన ఒక వివరాన్ని అడిగే చిన్నపాటివే. అలా పుట్టింది 'డైనమో'. దాని గుట్టును 2007లో ఓ పరిశోధనపత్రంగా ప్రపంచానికి చెప్పేశారు.

అందులోని నిర్ణయం ఆసక్తికరమైనది. కొనుగోలుదారు బుట్టలో వస్తువు వేస్తానంటే ఏ పరిస్థితిలోనూ కాదనకూడదు. యంత్రం చెడినా, తీగ తెగినా సరే. నకళ్ల మధ్య తేడా వస్తే తర్వాత కలుపుకోవచ్చు. అలా కలిపేటప్పుడు మనం తీసేసిన వస్తువు మళ్లీ బుట్టలో ప్రత్యక్షం కావచ్చు. ఫర్వాలేదు, ఇంకోసారి తీసేస్తాం. కానీ సీటు విషయంలో ఆ వెసులుబాటు లేదు. 'తర్వాత సర్దుకుందాం' అంటే థియేటర్లో రెండు కుటుంబాలు ఒకే కుర్చీ ముందు నిలబడతాయి. అక్కడ అనుమానం వస్తే 'కాసేపాగి ప్రయత్నించండి' అనడమే న్యాయం. ఎక్కడ ఆగకూడదో, ఎక్కడ ఆగాలో ముందే తేల్చుకోవడంలోనే ఉంది ఈ వృత్తి కిటుకంతా.

డూప్‌ సిద్ధమేనా?

హీరోకి డూప్‌ ఉన్నట్టే అసలు డేటాబేస్‌కూ ఒక ప్రతిరూపం సిద్ధంగా ఉంటుంది. అసలుది కూలిన క్షణాల్లో అది రంగంలోకి దిగాలి. రెండూ ఒకే భవనంలో ఉంటే కరెంటు పోతే రెండూ పోతాయి. అందుకే దూరదూరంగా పెడతారు. అమెజాన్‌ వెబ్‌ సర్వీసెస్‌ 2022 నవంబరులో హైదరాబాద్‌ కేంద్రాన్ని ప్రారంభించినప్పుడు వేర్వేరుగా మూడు జోన్లు పెట్టింది అందుకే.

డూప్‌ ఉంటే చాలదు, రిహార్సల్‌ కావాలి. 2017 జనవరి 31న 'గిట్‌ల్యాబ్‌' అనే సాఫ్ట్‌వేర్‌ సంస్థలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే తుడిచేశాడు. బ్యాకప్‌ కోసం ఐదు ఏర్పాట్లున్నా ఏదీ సరిగా అక్కరకు రాలేదు. అదృష్టవశాత్తూ ఆరు గంటల కిందటి నకలు ఒకటి దొరికింది. ఆ ఆరు గంటల సమాచారం మాత్రం పోయినట్టే. తిరిగి తెరిచి చూడని బ్యాకప్‌ను నమ్మకూడదన్నది ఆనాటి పాఠం.

ఎంత పెద్దవాళ్లకైనా ఈ గండం తప్పదు. 2025 అక్టోబరు 20న అమెరికాలోని అమెజాన్‌ కేంద్రంలో డైనమోడీబీకి దారిచూపే చిరునామా రికార్డు ఒక సాఫ్ట్‌వేర్‌ లోపంతో ఖాళీ అయిపోయింది. దుకాణం ఉంది, సరుకూ ఉంది.. దారి చెప్పే బోర్డే లేదు! ప్రపంచమంతటా ఎన్నో యాప్‌లు గంటల తరబడి ఇబ్బందిపడ్డాయి.

తొమ్మిదుల లెక్క

ఏడాదిలో ఎంతసేపు ఆగొచ్చన్న లెక్కను ఇంజినీర్లు తొమ్మిదుల్లో చెబుతారు.
99 శాతం అంటే.. ఏడాదికి దాదాపు మూడున్నర రోజులు మూత.
99.9 శాతం.. సుమారు 8 గంటల 45 నిమిషాలు.
99.99 శాతం.. దాదాపు 53 నిమిషాలు.
99.999 శాతం.. ఐదు నిమిషాల పైచిలుకు.
ఒక్కో తొమ్మిది చేర్చేకొద్దీ ఖర్చూ శ్రమా అమాంతం పెరుగుతాయి. ఆ ఐదు నిమిషాలూ బుకింగ్‌ తెరిచినప్పుడే వస్తే అదీ ఎక్కువే.

డబ్బు పోయింది.. టికెట్‌ రాలేదు!

బ్యాంకు చిట్టా వేరు, టికెట్ల చిట్టా వేరు. మధ్యలో మాట తెగితే డబ్బు కట్‌ అవుతుంది, టికెట్‌ రాదు. కంగారుపడి వెంటనే ఇంకోసారి కట్టేయకండి. ముందు యాప్‌లో బుకింగ్స్‌ చరిత్ర, మెయిలు, ఎస్సెమ్మెస్‌ చూసుకోండి. లావాదేవీ నంబరు రాసిపెట్టుకోండి. రిజర్వుబ్యాంకు 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశం ప్రకారం వ్యాపారికి యూపీఐలో కట్టిన డబ్బు ఖాతాలోంచి పోయి, వ్యాపారి నుంచి ధ్రువీకరణ రాకపోతే లావాదేవీ తర్వాత ఐదు రోజుల్లోగా వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారమివ్వాలి.

* * *

సినిమా చివర్లో పేర్లు పడతాయి. లైట్‌బాయ్‌ దగ్గర్నుంచి డ్రైవర్‌ దాకా అందరివీ. టికెట్‌ అమ్మిపెట్టిన డేటాబేస్‌ను రాత్రంతా కాపుకాసినవాళ్ల పేరు అందులో ఉండదు. కంప్యూటర్‌ ముందు కూర్చుని, గీతలు పైకెళ్తే గుండె దడదడలాడుతూ, కిందికొస్తే చల్లారిన టీ తాగుతూ వాళ్లు తెల్లవార్లూ మేలుకునే ఉంటారు. అంతా సవ్యంగా జరిగితే వాళ్లున్నారన్న సంగతే ఎవరికీ తెలియదు. ఉదయం ఆటకు ఇంటిల్లిపాదీ వెళ్లి ఎఫ్‌-12 నుంచి ఎఫ్‌-16 దాకా వరసగా కూర్చుంటే.. లేపడానికి ఎవరూ రాకపోతే.. అదే వాళ్లకు సూపర్‌హిట్‌!