రాత్రి కాపలాకు ఏ టార్చి కొనాలి?

వేరుశనగ కాయ ఊరే దశలో ఆలూరు రైతులకు రాత్రిళ్లు అడవి పందుల బెడద తప్పదు. కాపలాకు తలకు కట్టుకునే టార్చి మేలు. చేతిలో కర్ర ఉన్నా వెలుతురు ముందుంటుంది.

చవక టార్చి అట్టపెట్టె మీది ల్యూమెన్ల అంకెను నమ్మకండి. నిజంగా 200 నుంచి 300 ల్యూమెన్లు ఇస్తే చాలు. చీకట్లో 50 అడుగుల దూరంలోని గట్టు స్పష్టంగా కనిపిస్తుందో లేదో చూసి కొనండి. పాములు కనబడేలా కాళ్ల ముందు పరుచుకునే వెలుతురు, దూరానికి సూటి వెలుతురు రెండూ ఉండాలి. బ్యాటరీ తీసి మార్చుకునేదైతే ఒకటి చార్జింగ్‌లో పెట్టి మరొకటి వాడుకోవచ్చు. ఐపీఎక్స్4 అని ఉంటే వాన జల్లుకు తట్టుకుంటుంది.

వెలుతురుకు ఆగిన పంది దగ్గరికి వెళ్లకండి, పిల్లలున్న పంది మీదికి వస్తుంది. అనుమతి లేకుండా అడవి పందిని, కృష్ణజింకను చంపడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పంట దెబ్బతింటే ఫొటోలు తీసి అటవీ శాఖకు తెలపండి.