ఒకే గాజుపెట్టెలో పలు జాతుల చీమలు: అపోహలు – వాస్తవాలు

నర్సీపట్నం పరిసరాల్లోని మామిడి, జీడిమామిడి తోటల్లో ఆకులను కలిపి కుట్టి గూళ్లు కట్టే ఎర్రని నేతచీమలు, మొదలు దగ్గరి మట్టిలో ఉండే నల్లని గండుచీమలు, కంటికి సరిగా ఆనని చిన్నచీమలు ఒకే చెట్టు మీద తిరుగుతూ కనిపించడం మామూలే కనుక, ఇవన్నీ కలిసిమెలిసి బతుకుతాయనీ, మట్టి, మొక్కలు, మేత అమర్చిన గాజుపెట్టెలో, అంటే టెర్రేరియంలో, ఉంచినా అలాగే సర్దుకుంటాయనీ చాలామంది నమ్ముతారు. ఈ నమ్మకానికి ఆధారమైన దృశ్యం నిజమే కాని, దాని నుంచి తీసిన అర్థం తప్పు. ఉష్ణమండలపు తోటల్లో బలమైన చీమ జాతులు చెట్లనూ కొమ్మలనూ పంచుకుని ఒకదాని హద్దులోకి మరొకదాన్ని రానివ్వవని 1970ల్లో ఘనా దేశపు కోకో తోటల్లో జరిగిన పరిశీలనలు స్పష్టం చేశాయి. శాస్త్రజ్ఞులు ‘చీమల మొజాయిక్’ అని పిలిచే ఈ ఏర్పాటులో బలహీనమైన జాతులు వేరే వేళల్లో, వేరే ఎత్తుల్లో మేతకు వెళ్తూ బలమైనవాటి కంటపడకుండా నెట్టుకొస్తాయి. తప్పుకోవడానికి చోటు ఉన్నంతవరకే ఈ శాంతి నిలుస్తుంది. నాలుగు గాజు గోడల మధ్య ఆ చోటు ఉండదు.

జాతి ఒక్కటైతే చాలు, పోరు ఉండదన్నది దీని వెంటే వచ్చే మరో అపోహ. చీమలు తమవారిని ప్రధానంగా వాసనతో గుర్తిస్తాయి. వాటి ఒంటిమీది మైనపు పొరలోని హైడ్రోకార్బన్లు, అంటే కర్బనం, ఉదజని కలిసి ఏర్పడే పదార్థాలు, ఏ పాళ్లలో ఉన్నాయన్నది ఒక్కో కుటుంబానికి ఒక్కో తీరుగా ఉంటుంది; మీసాలవంటి స్పర్శశృంగాలతో తాకిన క్షణంలోనే ఆ తేడా తెలిసిపోతుంది. అందువల్ల పక్కపక్క చెట్ల మీది రెండు నేతచీమల కుటుంబాలను కలిపినా పోరు తప్పదు. పైగా ఈ జాతి దూరపు కుటుంబాల చీమలకంటే పొరుగు కుటుంబాల చీమల మీదే ఎక్కువ కోపంతో పడుతుందని ఆస్ట్రేలియా పరిశోధకులు 2010లో ప్రచురించారు.

సమృద్ధిగా మేత పెడితే, పెట్టె పెద్దదైతే గొడవ ఉండదనే వాదన కూడా నిలవదు, ఎందుకంటే ఆకలి లేకపోయినా పరాయి వాసన తగిలితే చాలు, దాడి మొదలవుతుంది. నేతచీమలు, గండుచీమలు రెండూ ఫార్మిక్ ఆమ్లాన్ని చిమ్మే వర్గానికి చెందినవి. గాలి సరిగా ఆడని పెట్టెలో ఆ ఆవిరి పేరుకుంటే గెలిచిన పక్షం కూడా చచ్చిపోవచ్చు.

వేర్వేరు జాతులను కలిపి పెంచవచ్చని శాస్త్రమే నిరూపించింది కదా అనేవారు సాధారణంగా అడెల్ ఫీల్డ్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1903లో వెల్లడించిన మిశ్రమ గూళ్ల ప్రయోగాల వంటివాటిని దృష్టిలో ఉంచుకుంటారు. అయితే ఆమె కలిపి ఉంచినవి పట్టుగూడు వదిలి కొద్ది గంటలే అయిన పసిచీమలు. ఒంటికి ఇంకా కుటుంబ వాసన గట్టిగా పట్టని ఆ వేళలో తోటివాటి వాసనే వాటికి సొంతమైపోతుంది. తోటలో పట్టి తెచ్చిన ఎదిగిన చీమలకు ఈ ఫలితం వర్తించదు. దక్షిణ అమెరికా అడవుల్లో గండుచీమల ప్రజాతికే చెందిన ఒక జాతి, క్రెమటోగాస్టర్ ప్రజాతిలోని మరో జాతితో ఒకే గూటిని పంచుకోవడం నిజమే కాని, అది ఆ రెండు జాతుల మధ్యనే స్థిరపడిన అరుదైన పొత్తు.

కొమ్మతో సహా నేతచీమల గూడు ఒకటి కోసి తెస్తే కుటుంబమంతా వచ్చేసినట్టేనన్న భ్రమ ఇంకా హానికరమైనది. ఒక్క కుటుంబమే అనేక చెట్ల మీద ఎన్నో గూళ్లుగా విస్తరించి ఉంటుంది, రాణి సాధారణంగా వాటిలో ఒక్కదానిలోనే ఉంటుంది. కనుక కోసిన గూటిలో చాలాసార్లు దొరికేది రాణిలేని పనిచీమలే. కొత్త పనిచీమలు పుట్టే దారి లేక ఆ గుంపు క్రమంగా అంతరించిపోతుంది. తోటకు కలిగే నష్టం అంతకన్నా పెద్దది. జీడిమామిడి లేత చిగుళ్ల రసం పీల్చే టీ దోమను వేటాడేవి ఈ చీమలే. నారింజ తోటల్లో పురుగుల అదుపుకు వీటి గూళ్లను కొని కట్టేవారని క్రీ.శ. 304 నాటిదిగా చెప్పే చైనా గ్రంథంలోనే ఉంది. ఇలాంటి కాపలాదారులను చెట్టు నుంచి విడదీసి చావుకు వదలడం ఏ కుతూహలం పేరుతోనూ సమర్థనీయం కాదు.

చీమల జీవితాన్ని దగ్గరగా చూడాలనుకునేవారికి, వాన పడ్డాక రెక్కలు రాల్చుకుని నేల మీద తిరిగే గండుచీమ రాణి ఒక్కటి చాలు. తడి దూది పెట్టిన గాజు గొట్టంలో చీకటిగా ఉంచితే, తన ఒంట్లోని కొవ్వునూ రెక్కల కండరాలనూ కరిగించుకుంటూ, తొలి పనిచీమలు వెలువడేవరకు మేత లేకుండానే పిల్లలను సాకుతుంది. రెండో జాతిని కూడా పెంచదలచినవారు దానికి వేరే పెట్టె, వేరే పట్టకారు, వేరే మేతపళ్లెం కేటాయించాలి, ఎందుకంటే ఒక కుటుంబపు వాసన అంటిన పట్టకారును మరొక గూటిలో పెట్టినా ఆ గూటి చీమలు కలవరపడి దాని మీద విరుచుకుపడతాయి.