చందుర్తి చేలోంచి ఒక ఓడ పాట

రాత్రిళ్ళు కోడ్ రాసుకుంటూ యూట్యూబ్‌లో బ్యాండ్ మ్యూజిక్ పెట్టుకోవడం నాకు అలవాటు. అలా ఒకరోజు ఆటోప్లేలో 'హార్ట్ ఆఫ్ ఓక్' వచ్చింది. బ్రిటిష్ నేవీ అధికారిక మార్చ్ అది. ట్యూన్ హుషారుగా ఉందని పదిసార్లు విన్నా. దాని కథ వెతుకుతూ పోతే మా పెద్దాపురం దగ్గరి ఊరే తగిలింది. నిజంగా!

ముందు పేరు సంగతి. ఇక్కడ హార్ట్ అంటే గుండె కాదు. మా తాతయ్యని అడిగితే ఒక్క ముక్కలో తేల్చేశారు: "చేవరా! చేవ లేని కర్ర ద్వారబంధానిక్కూడా పనికిరాదు, పురుగు పట్టేస్తుంది." పన్నెండేళ్ళ ఇంగ్లీష్ మీడియంలో నాకు ఈ మాట ఎవరూ చెప్పలేదు. అప్పట్లో వాళ్ళ యుద్ధనౌకలు ఓక్ చెట్టు చేవతోనే కట్టేవారు.

పాట రాసింది డేవిడ్ గ్యారిక్ అనే నటుడు, బాణీ విలియం బాయ్స్‌ది. 1759 చివర్లో లండన్‌లో ఒక నాటకం కోసం చేశారు. ఆ ఏడాది ఫ్రెంచివాళ్ళ మీద ఇంగ్లీషువాళ్ళకి వరసగా గెలుపులే. నవంబర్ 20న క్విబెరాన్ అఖాతంలో, పెనుగాలిలో, రాళ్ళ మధ్యకి తరుముకుంటూ వెళ్ళి మరీ ఫ్రెంచి నౌకాదళాన్ని దెబ్బతీశాడు అడ్మిరల్ హాక్. ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ ఓడ ఒడ్డున ఇరుక్కుపోతే దాన్ని వాళ్ళే తగలబెట్టేశారు.

ఈ పేరు దగ్గరే నేను ఆగిపోయా. దాదాపు ఏడాది ముందు మన దగ్గర ఓడిపోయిన ఫ్రెంచి దొర పేరు కూడా కాన్‌ఫ్లాన్సే! మనిషి వేరు, అంతే.

1758లో బుస్సీని లాలీ వెనక్కి పిలిపించుకుంటే సర్కారు జిల్లాలు ఈ రెండో కాన్‌ఫ్లాన్స్ చేతికొచ్చాయి. విజయనగరం ఆనంద గజపతి రాజు ఇంగ్లీషువాళ్ళని సాయం అడిగాడు. క్లైవ్ పంపిన కల్నల్ ఫోర్డ్ సైన్యం కలకత్తా నుంచి ఓడల్లో వచ్చి అక్టోబరులో విశాఖలో దిగింది. డిసెంబరులో గొల్లప్రోలు దగ్గర చందుర్తిలో యుద్ధం. నిలువెత్తు చేలో ఇంగ్లీషు దళం కనపడకుండా పోయింది. పక్కన బెంగాల్ సిపాయిలు ఎర్ర కోట్లలో ఉన్నారు. ఫ్రెంచివాళ్ళు వాళ్ళనే తెల్లదళం అనుకుని మీద పడ్డారు. అసలు దళం చేలోంచి బయటికొచ్చింది. ఇంకేముంది, కాన్‌ఫ్లాన్స్ రాజమండ్రికి పరుగు.

ఆనంద గజపతి సైన్యం ఆవేళ ఎండిన చెరువులో నక్కి కూర్చుందని ఆర్మ్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడు రాశాడు. మనవాళ్ళెవరైనా రాసుంటే ఏం రాసేవారో!

ఫోర్డ్ ఆగలేదు. 1759 ఏప్రిల్ 7 రాత్రి మచిలీపట్నం కోట మీద పడి తెల్లారేసరికి పట్టేశాడు. వారం తర్వాత సాయం సైన్యంతో రెండు ఫ్రెంచి ఓడలు వచ్చాయి. అప్పటికే కోట పరాయిదైపోయింది. దిగడానికి లేక ఉత్తరానికి గంజాం వైపు వెళ్ళిపోయాయి. ఆ ఓడలు పది రోజులు ముందొచ్చి ఉంటే? యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలోనే ఉంది కదా, అలాగే మనమూ ఫ్రెంచి మీడియంలో చదివేవాళ్ళమేమో.

మొన్న సెలవుల్లో బైకు మీద చందుర్తి వెళ్ళొచ్చా, మా ఇంటి నుంచి గంట కూడా పట్టలేదు. సాయంత్రం తాతయ్యకి ఆ ట్యూన్ వినిపించా. ఫోను చెవి దగ్గర పెట్టుకుని చివరిదాకా విన్నారు.

"బానే ఉందిరా, పెళ్ళి బ్యాండులా ఉంది. దీనికేనా మా చేవ మాట అడిగావ్?"