మీకు తెలుసా? చలికి పొదుపు కారుకే పెద్ద దెబ్బ

షికాగోలోనో మినియాపొలిస్‌లోనో ఉంటున్న మనవాళ్లను జనవరిలో కదిలిస్తే ఈ మాట వినిపిస్తుంది: “కారు అదే, ఆఫీసు అదే, దారి అదే. గ్యాస్ (పెట్రోలు) మాత్రం ముందే అయిపోతోంది.” కారులో లోపమేమీ లేదు. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం మామూలు పెట్రోలు కారు ఊళ్లో తిరిగేటప్పుడు 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇచ్చే మైలేజీలో దాదాపు 15 శాతం మైనస్ 7 దగ్గర పోగొట్టుకుంటుంది. ఐదారు కిలోమీటర్ల చిన్న ప్రయాణాలకైతే ఆ నష్టం 24 శాతం దాకా పోవచ్చు.

ఈ రెండో అంకెను పట్టుకుంటే సంగతి తెలిసిపోతుంది. చలి దెబ్బలో ఎక్కువ భాగం బండి తీసిన మొదటి కొన్ని నిమిషాల్లోనే తగులుతుంది. పెట్రోలు ఆవిరైతేనే సరిగా మండుతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు లోపల చిమ్మిన పెట్రోలులో కొంత ఆవిరి కాకుండా గోడలకు అంటుకుంటుంది. ఆ లోటు పూడ్చడానికి కంప్యూటర్ ఇంకాస్త ఎక్కువ చిమ్ముతుంది. పొద్దున్నే చోక్ లాగి, కిక్ కొట్టి పాత స్కూటర్లు తీసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. గాలి తగ్గించి మిశ్రమంలో పెట్రోలు పాలు పెంచడమే చోక్ చేసిన పని. ఇప్పుడు ఆ మీట కనబడదు గానీ, పని మాత్రం సెన్సర్ల లెక్కతో లోపల జరుగుతూనే ఉంది.

పైగా ఇంజిన్ ఆయిల్, గేరుబాక్సు ఆయిల్ చలికి చిక్కబడతాయి. వాటిని తోసుకుంటూ తిరగడానికే ఇంజినుకు కొంత శక్తి ఖర్చవుతుంది. ఆయిల్ డబ్బా మీద 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 అని రాసి ఉంటుంది కదా, అందులో ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత సుళువుగా పారుతుందో చెబుతుంది. అది ఎంత చిన్నదైతే చలి ప్రాంతాలకు అంత మేలు.

మరి ఇంట్లో కాఫీ తాగుతూ రిమోట్ స్టార్ట్ నొక్కి, పావుగంట బండిని వేడెక్కనిస్తే? సుఖంగానే ఉంటుంది. కానీ నిలబడి ఉన్న బండి మైలేజీ సున్నా. అర నిమిషం ఆగి, నెమ్మదిగా నడుపుకుంటూ పొమ్మనే ఎక్కువమంది తయారీదారులు చెబుతారు. నడిచే ఇంజినే త్వరగా వేడెక్కుతుంది కూడా. (అద్దం మీద మంచు పేరుకుని దారి కనబడకపోతే అది వేరే సంగతి, ఆగాల్సిందే.) కెనడాలో విన్నిపెగ్, అలాస్కాలో ఫెయిర్‌బ్యాంక్స్ లాంటి ఊళ్ల పార్కింగ్ స్థలాల్లో ఎప్పటినుంచో కరెంటు ప్లగ్గులు కనిపిస్తాయి. వాటిని పెట్టింది పెట్రోలు కార్ల కోసమే. బ్లాక్ హీటర్ తగిలించి ఇంజినును వెచ్చగా ఉంచితే తెల్లారి బండి కదులుతుంది.

మిగతావి చిల్లర నష్టాలు. మైనస్ 7 దగ్గర గాలి 25 డిగ్రీల గాలి కన్నా సుమారు 12 శాతం చిక్కన, హైవే మీద వేగంగా పోయే బండికి అది తగులుతుంది. టైర్లలో 25 డిగ్రీలప్పుడు 33 కొట్టించిన గాలి మైనస్ 7 కు వచ్చేసరికి 28 దగ్గరికి దిగుతుంది, ఎక్కడా పంక్చర్ లేకుండానే. చలిలో తేలిగ్గా ఆవిరి కావాలని అమెరికా బంకుల్లో శీతాకాలానికి వేరే మిశ్రమం అమ్ముతారు, అందులో బ్యూటేన్ పాలు ఎక్కువ. వేసవి పెట్రోలుతో పోలిస్తే దానిలో శక్తి 1.7 శాతం దాకా తక్కువ. ధర బోర్డు మీద మాత్రం ఆ తేడా కనబడదు!

ఇక్కడిదాకా అందరూ ఊహించగలిగిందే. తమాషా అంతా ఇక ముందుంది. అదే చలిలో హైబ్రిడ్ కారు 30 నుంచి 34 శాతం, పూర్తి ఎలక్ట్రిక్ కారు 39 శాతం దాకా నష్టపోతాయని అదే శాఖ చెబుతోంది. ఇంధనాన్ని జాగ్రత్తగా వాడే బండికే పెద్ద దెబ్బ ఎందుకు?

పెట్రోలు ఇంజిన్ దుబారా మనిషి. ట్యాంకులో పోసిన శక్తిలో మూడింట రెండు వంతులు వేడిగా వృథా చేస్తుంది. వేసవిలో ఆ వేడి రేడియేటర్‌లోంచి గాలిలో కలిసిపోతుంది. చలికాలంలో అందులోంచే కొంత కారు లోపలికి మళ్లిస్తే అదే హీటర్, దానికి అదనపు ఖర్చు దాదాపు లేదు. ఎలక్ట్రిక్ మోటారు వృథా చేసేది చాలా కొద్ది, కాబట్టి పంచిపెట్టడానికి దాని దగ్గర వేడి ఉండదు. లోపల కూర్చున్నవాళ్లు వెచ్చగా ఉండాలంటే బ్యాటరీ నుంచే తీయాలి. చలిలో ఎలక్ట్రిక్ కారు అదనంగా తినే కరెంటులో దాదాపు మూడింట రెండు వంతులు ఈ హీటరుదే. హైబ్రిడ్‌కు ఇంకో ఇబ్బంది: సిగ్నల్ దగ్గర ఆగిపోవాల్సిన ఇంజిన్, హీటర్ వేడి కోసం మళ్లీ మళ్లీ తిరగాల్సి వస్తుంది.

అమెరికాలోని వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ 2019లో వెల్లడించిన పరీక్షల్లో ఇది బాగా తేలింది. 5 రకాల ఎలక్ట్రిక్ కార్లను మైనస్ 7 దగ్గర నడిపితే, హీటర్ వేయకుండా రేంజి (ఒక ఛార్జికి నడిచే దూరం) సగటున 12 శాతం తగ్గింది. హీటర్ వేస్తే 41 శాతం! ఇది చూసి చలిదేశాలకు ఎలక్ట్రిక్ కారు పనికిరాదనుకోనక్కర్లేదు. నార్వేలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో సుమారు 89 శాతం అవే. తక్కువ కరెంటుతో వెచ్చబరిచే హీట్ పంపు ఉన్న మోడల్ ఎంచుకోవడం, ఛార్జింగ్ ప్లగ్గు తీయకముందే కారును వెచ్చబరచడం అక్కడ మామూలు అలవాట్లు.

మనకు పనికొచ్చే అంకె కూడా ఆ పరీక్షల్లోనే ఉంది. 35 డిగ్రీల ఎండలో ఏసీ వేస్తే రేంజి 17 శాతమే తగ్గింది. బయట 35, లోపల 24 అంటే తేడా 11 డిగ్రీలు. బయట మైనస్ 7, లోపల 22 అంటే 29. ఆ తేడా ఎంత పెరిగితే ఖర్చు అంత పెరుగుతుంది. రామగుండంలో 45 దాటే మే మధ్యాహ్నాలకు 17 శాతం సరిపోదన్నమాట.

ఆదిలాబాద్‌లోనో లంబసింగిలోనో డిసెంబరు చలి ఎంత కరిచినా, కాస్త దూరం పోయేసరికి ఇంజిన్ దారిలో పడుతుంది. మన దేశంలో అసలు పరీక్ష లద్దాఖ్‌లో. అక్కడ మైలేజీ కన్నా ముందు బండి స్టార్ట్ కావడమే సమస్య. డీజిల్‌లో ఉండే మైనం, చలికాలం మన కొబ్బరి నూనె సీసాలో పేరుకున్నట్టే, పేరుకుని ఫిల్టరుకు అడ్డం పడుతుంది. అందుకే ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో అక్కడికి ప్రత్యేకంగా శీతాకాలపు డీజిల్ తెచ్చింది. మైనస్ 33 డిగ్రీల దాకా అది గడ్డకట్టకుండా పారుతుంది.