పెద్దకొడుకుల ఉపవాసం

యూదుల క్యాలెండర్‌లో నీసాన్ నెల 14న ఒక చిన్న ఉపవాసం ఉంది. ఇంటిల్లిపాదికీ కాదు, పెద్దకొడుకులకు మాత్రమే. ఆ సాయంత్రం నుంచే పస్కా పండుగ. ఈజిప్టులో తొలిచూలు బిడ్డలంతా ఒక్క రాత్రిలో చనిపోతే, ఇశ్రాయేలీయుల ఇళ్లలోని వాళ్లు మాత్రం బతికారన్న నిర్గమకాండం కథే దీనికి మూలం. వేకువ మొదలు మంచినీళ్లు కూడా ముట్టకూడదు.

తల్లికి తొలిచూలైనా, తండ్రికి తొలిచూలైనా లెక్కలోకి వస్తాడు. పసివాడైతే వాడి తరఫున తండ్రి ఉంటాడు. ఆ తండ్రీ పెద్దకొడుకే అయితే? తన ఉపవాసం తనకు ఎలాగూ ఉందిగా! అప్పుడు కొన్ని చోట్ల వంతు తల్లికి వస్తుంది. ఆడపిల్లల సంగతి ధర్మశాస్త్రంలో చర్చకు వచ్చింది గానీ, ఆచారంలో వాళ్లను వదిలేశారు.

ఇంత చెప్పాక అసలు విశేషం: ఈ ఉపవాసం చివరిదాకా ఉండేవాళ్లు తక్కువే. యూదుల ధర్మగ్రంథమైన తాల్ముద్‌లో ఒక గ్రంథభాగం చదవడం పూర్తిచేస్తే విందు చేసుకోవడం పుణ్యకార్యం. ఆ విందులో కూర్చున్నవాళ్లకు ఉపవాసం వర్తించదు. ఇలా చదువు ముగించడాన్ని ‘సియూమ్’ అంటారు. ముందునుంచే చదువుతూ వచ్చిన ఒకాయన చివరి నాలుగు పంక్తులు ఆ ఉదయం కోసమే అట్టేపెట్టుకుంటాడు. సినగాగ్‌లో ప్రార్థన అవ్వగానే వాటిని చదివి, అర్థం చెబుతాడు. తర్వాత, చదివిన గ్రంథంతోనే మాట్లాడుతున్నట్టు, మళ్లీ నీ దగ్గరికి వస్తామని చెప్పే ‘హద్రాన్’ ప్రార్థన. అందులో రావ్ పాపా అనే పండితుడి పదిమంది కొడుకుల పేర్లూ వరసగా వస్తాయి. అది ముగిశాక కేకు ముక్క, కొన్ని చోట్ల చిన్న గ్లాసు విస్కీ. అంతే, ఆ రోజంతా మామూలుగా తినొచ్చు. దొంగదారి అనుకునేరు, పండితులు ఒప్పుకున్న రాచబాటే! కేకు మాత్రం త్వరగా కానివ్వాలి. పొద్దెక్కితే పులిసిన పిండితో చేసినవేవీ తినకూడదు.

2020లో కరోనా వల్ల సినగాగ్‌లు మూతపడితే, జూమ్‌లో సియూమ్ విన్నా చాలన్నారు చాలామంది రబ్బీలు.

నీసాన్ 14 శనివారం వస్తే ఉపవాసం గురువారానికి జరుగుతుంది. 2025లో ఏప్రిల్ 10న అలాగే జరిగింది.

పెద్దకొడుకులన్న పేచీ లేకుండా ఈ రోజు ఉపవాసం ఉన్న పండితుడూ ఒకాయన తాల్ముద్‌లో కనిపిస్తాడు. పేరు రావ్ షేషెత్. ఆయనది సున్నితమైన ఒళ్లు. పగలు ఏమైనా తింటే, రాత్రి తప్పనిసరిగా తినాల్సిన పులియని రొట్టె సయించదని పొద్దంతా పస్తుండేవాడట.