నీరు ఒకటే, అంకెలు వేరు

"అమ్మీ, పాపకు జ్వరం 39 ఉంది." దుబాయ్‌లో ఉన్న కుమారుడు ఫోనులో ఇలా చెబుతాడు. కర్నూలులో ఉన్న తల్లి, "అంతేనా బేటా! నూట రెండు దాటిందేమోనని భయపడ్డాను" అని ఊపిరి పీల్చుకుంటుంది. నిజానికి ఆమె భయపడిన జ్వరమే అది. 39 డిగ్రీల సెల్సియస్ అంటే 102.2 డిగ్రీల ఫారన్‌హీట్. సగం మంది ఇక్కడ, సగం మంది గల్ఫ్‌లో ఉన్న కుటుంబాలలో ఇటువంటి పొరపాటు ఎప్పుడైనా జరగవచ్చు. అక్కడ వాడుకలో ఉన్నది సెల్సియస్ మానం. మన ఇళ్లలోని జ్వరం థర్మామీటర్లలో చాలావరకు ఫారన్‌హీట్ అంకెలే ఉంటాయి.

ఈ రెండు లెక్కలకూ సాక్షి మన వంటింటిలోనే ఉంది. అది నీరు. మంచు గడ్డ కరగడం మొదలైనప్పటి నుండి పూర్తిగా నీరయ్యే వరకు దాని ఉష్ణోగ్రత మారదు. గిన్నెలో నీరు మరగడం మొదలైన తర్వాత మంట ఎంత పెంచినా నీరు త్వరగా ఆవిరవుతుందే తప్ప దాని ఉష్ణోగ్రత పెరగదు. ఇలా నిలకడగా ఉండే స్థానాలు కాబట్టే శాస్త్రజ్ఞులు వీటిని కొలతకు గుర్తులుగా ఎంచుకున్నారు. అయితే మరుగు స్థానం వాతావరణ పీడనాన్ని బట్టి మారుతుంది. సముద్ర మట్టం వద్ద 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరిగే నీరు, ఎత్తైన లేహ్ పట్టణంలో సుమారు 88 డిగ్రీలకే మరుగుతుంది.

ఫారన్‌హీట్ 1724లో తన మానాన్ని ప్రకటించారు. మంచు, నీరు, నవాసాగరం కలిపిన మిశ్రమపు చల్లదనాన్ని ఆయన సున్నాగా తీసుకున్నారు. అందువల్ల ఆ మానంలో నీరు గడ్డకట్టే స్థానం 32 అయింది, మరుగు స్థానం 212 అయింది. స్వీడన్ ఖగోళ శాస్త్రవేత్త ఆండర్స్ సెల్సియస్ 1742లో ఈ రెండు స్థానాల నడుమ దూరాన్ని నూరు భాగాలు చేశారు. విచిత్రమేమిటంటే, ఆయన మరుగు స్థానాన్ని 0గా, గడ్డకట్టే స్థానాన్ని 100గా పెట్టారు. ఆయన మరణానంతరం ఆ క్రమం తిరగబడి నేటి రూపానికి వచ్చింది. మనం సెంటీగ్రేడ్ అని పిలిచేది కూడా ఇదే. 1948లో దానికి అధికారికంగా సెల్సియస్ అన్న పేరు స్థిరపడింది.

ఆ రెండు స్థానాల నడుమ సెల్సియస్‌లో 100 మెట్లు, ఫారన్‌హీట్‌లో 180 మెట్లు ఉన్నాయి. అంటే ఒక సెల్సియస్ డిగ్రీ 1.8 ఫారన్‌హీట్ డిగ్రీలకు సమానం. కాబట్టి సెల్సియస్ అంకెను 1.8తో హెచ్చించి 32 కలిపితే ఫారన్‌హీట్ వస్తుంది. నోటి లెక్కకు సులువైన దారి ఇది: అంకెను రెట్టింపు చేసి, వచ్చిన దానిలో పదో వంతు తీసివేసి, 32 కలపాలి. 39కి రెట్టింపు 78, అందులో పదో వంతు 7.8 తీసివేస్తే 70.2, దానికి 32 కలిపితే 102.2.

ఇక్కడ మరో జాగ్రత్త అవసరం. "జ్వరం రెండు డిగ్రీలు పెరిగింది" అన్నప్పుడు అది సెల్సియస్ అయితే, మన లెక్కలో 3.6 డిగ్రీలు పెరిగినట్లు. పెరుగుదలను మార్చేటప్పుడు 32 కలపకూడదు.

సున్నా డిగ్రీలంటే వేడి అసలే లేదని కూడా అనుకోరాదు. లార్డ్ కెల్విన్‌గా ప్రసిద్ధుడైన విలియం థామ్సన్ 1848లో నిరపేక్ష మానాన్ని ప్రతిపాదించారు. ఇంతకంటే చల్లదనం ఉండదన్న స్థానం అందులో సున్నా. ఆ మానంలో నీరు గడ్డకట్టేది 273.15 వద్ద, మరిగేది 373.15 వద్ద. అందుచేత 40 డిగ్రీల సెల్సియస్ ఎండ 20 డిగ్రీల ఎండకు రెట్టింపు వేడి కాదు. కెల్విన్‌లో చూస్తే 293 నుండి 313కు మాత్రమే పెరిగింది.

ఈ నాలుగు జంటలను థర్మామీటరు పెట్టె మీద రాసి ఉంచుకోండి: 37 అంటే 98.6, 38 అంటే 100.4, 39 అంటే 102.2, 40 అంటే 104. మూడు నెలలు నిండని శిశువుకు 38 డిగ్రీల సెల్సియస్, అనగా 100.4 ఫారన్‌హీట్ జ్వరం ఉన్నా ఆలస్యం చేయక వైద్యునికి చూపించాలి. ఫోనులో జ్వరం సంగతి చెప్పేటప్పుడు అంకెతో పాటు మానం పేరు కూడా చెప్పండి. అవతలివారు చెప్పకపోతే, ఊరట చెందే ముందు ఒక్కసారి అడగండి.